పసిపాప పడక: ఒక భద్రతా పాఠం

కర్మాగారంలో ప్రమాదం సంభవించినప్పుడు మనం మొదట చేపట్టేది విచారణ. యంత్రం ఏ స్థితిలో ఉన్నది, మనిషి ఎక్కడ నిలిచి ఉన్నాడు, పద్ధతి ప్రకారం పని జరిగినదా లేదా అన్న ప్రశ్నలకు సమాధానాలు వెదకుతాము. అప్పుడప్పుడు ఆ విచారణలో ఒక చేదు నిజం బయటపడుతుంది. పని చేసినవాడు పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించాడు, లోపం ఆ పద్ధతిలోనే ఉన్నది. అటువంటి లోపమే పసిబిడ్డల పడకకు సంబంధించి కొన్ని దశాబ్దాల పాటు అనేక సంపన్న దేశాలలో కొనసాగింది. పుస్తకాలు చెప్పినట్లు, వైద్యులు చెప్పినట్లు చేసిన తల్లిదండ్రులు వేలాదిగా తమ బిడ్డలను కోల్పోయారు. ఆ ఉదంతాన్నీ, అది మన ఇళ్లకు నేర్పే పాఠాన్నీ సహోద్యోగుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ వ్యాసకర్త వైద్యుడు కాడు. వైద్యుల పరిశోధనలను ఇంజనీరు దృష్టితో చదివినవాడు మాత్రమే.

ఏమిటీ ఆకస్మిక శిశు మరణం?

రాత్రి పాలు త్రాగి, ఆరోగ్యంగా కనిపిస్తూ నిద్రపోయిన బిడ్డ తెల్లవారేసరికి లేవదు. జ్వరం లేదు, దెబ్బ లేదు, ఏడ్చిన జాడ లేదు. శవపరీక్ష జరిపి, బిడ్డ పడుకున్న చోటును పరిశీలించి, పూర్వపు ఆరోగ్య వివరాలను విచారించినా కారణం తేలదు. ఏడాదిలోపు శిశువులలో ఈ విధంగా సంభవించే మరణానికి 1969లో అమెరికాలోని సియాటిల్ నగరంలో జరిగిన వైద్యుల సదస్సు ఒక నిర్వచనం ఇచ్చి, దానిని ప్రత్యేక వర్గంగా గుర్తించింది. దీనినే ఆకస్మిక శిశు మరణం అంటున్నారు. బ్రిటన్‌లో సామాన్య ప్రజలు దీనిని ఊయల మరణం అని వ్యవహరిస్తారు.

ఈ మరణాలలో దాదాపు 90 శాతం బిడ్డకు ఆరు నెలలు నిండకముందే సంభవిస్తాయి. రెండవ నెల నుంచి నాలుగవ నెల వరకు ప్రమాదం అత్యధికం. నెలలు నిండకుండా పుట్టినవారికి, తక్కువ బరువుతో పుట్టినవారికి, గర్భంలో ఉండగా గానీ తరువాత గానీ పొగాకు పొగ సోకినవారికి ముప్పు మరింత ఎక్కువ.

సదుద్దేశంతో ఇచ్చిన సలహా

అమెరికా వైద్యుడు డాక్టర్ బెంజమిన్ స్పాక్ రచించిన శిశుపోషణ గ్రంథం 1946లో వెలువడి, అనేక భాషలలోకి అనువాదమై, కోట్ల ప్రతులు అమ్ముడుపోయింది. దాని తొలి ముద్రణలు బోర్లా పడకను సిఫారసు చేయలేదు. 1950ల ద్వితీయార్ధంలో వెలువడిన ముద్రణలు మాత్రం బిడ్డను బోర్లా పరుండబెట్టడమే మంచిదన్నాయి. అందుకు చూపిన కారణాలు వినడానికి సబబుగానే ఉన్నాయి. వెల్లకిల ఉన్న బిడ్డ పాలు కక్కితే అవి గొంతుకు అడ్డం పడవచ్చు. ఎప్పుడూ వెల్లకిల పడుకుంటే తల వెనుక భాగం చదునుగా మారవచ్చు.

దీనికి ఆసుపత్రుల అనుభవం కూడా తోడైనది. నెలలు నిండకుండా పుట్టి, శ్వాసకు ఇబ్బందిపడే శిశువులను బోర్లా పరుండబెడితే ఊపిరి సులభంగా ఆడుతున్నట్లు ప్రత్యేక విభాగాలలో గమనించారు. అక్కడ నర్సులు రాత్రింబవళ్లు కనిపెట్టుకొని ఉంటారు. ఆ విభాగానికి తగిన పద్ధతి, ఎవరూ కనిపెట్టుకొని ఉండని ఇంటి పడకగదికి కూడా ప్రాకింది. ఒక యంత్రానికి రూపొందించిన నియమాన్ని వేరొక యంత్రానికి అన్వయిస్తే ఏమవుతుందో మనకు విదితమే.

1970లలో నెదర్లాండ్స్‌లో ఈ పద్ధతి విరివిగా ప్రచారంలోకి వచ్చింది. ఆ తరువాత అక్కడ ఊయల మరణాలు పెరిగాయి. బ్రిటన్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, అమెరికా దేశాలలోనూ బోర్లా పడక సర్వసాధారణమైపోయింది.

లెక్కలు చెప్పిన నిజం

1985లో హాంకాంగ్‌లో పనిచేస్తున్న డేవిస్ అనే వైద్యుడు ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఒక ఆసక్తికరమైన విషయం ప్రకటించాడు. ఇరుకు ఇళ్లు, జనసమ్మర్దం ఉన్న ఆ నగరంలో ఊయల మరణాలు బహు అరుదు. అక్కడి చీనా కుటుంబాలవారు తరతరాలుగా బిడ్డలను వెల్లకిలనే పరుండబెడుతున్నారు. పుస్తకం చదవని అవ్వల అలవాటు బిడ్డలను కాపాడుతున్నదా అన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది.

1987లో నెదర్లాండ్స్ వైద్యుడు డి యోంగె, ఆయన సహచరులు బోర్లా పడకకు వ్యతిరేకంగా తమ దేశ ప్రజలను హెచ్చరించారు. అదే సంవత్సరం న్యూజిలాండ్‌లో డాక్టర్ ఎడ్ మిచెల్ బృందం మూడేళ్ల అధ్యయనం ఆరంభించింది. మరణించిన శిశువుల వివరాలను, అదే వయస్సులో ఆరోగ్యంగా ఉన్న శిశువుల వివరాలతో సరిపోల్చి చూశారు. బోర్లా పడక, తల్లి ధూమపానం, తల్లిపాలు పట్టకపోవడం, పెద్దల పడకలో బిడ్డను పరుండబెట్టడం అనే నాలుగు అంశాలు స్పష్టంగా తేలాయి. బ్రిటన్‌లో బ్రిస్టల్ ప్రాంతంలో డాక్టర్ పీటర్ ఫ్లెమింగ్ బృందం 1990లో ప్రకటించిన అధ్యయనంలో బోర్లా పరుండబెట్టిన శిశువులకు ముప్పు 8 రెట్లకు పైగా ఉన్నట్లు వెల్లడైంది.

ఈ ఫలితాలు వైద్య పత్రికల పుటలు దాటి ఇళ్లకు చేరాలి. 1991లో బ్రిటన్ టెలివిజన్ వ్యాఖ్యాత ఆన్ డైమండ్ తన నాలుగు నెలల కుమారుడిని ఈ విధంగానే కోల్పోయింది. న్యూజిలాండ్‌లో అప్పటికే తెలిసిన విషయం తన దేశపు తల్లులకు ఎందుకు చెప్పలేదని ఆమె ప్రశ్నించింది. ఆ ఏడాది చివరలో బ్రిటన్ ప్రభుత్వం దేశవ్యాప్తంగా ప్రచారం చేపట్టింది. సందేశం ఒక్కటే: బిడ్డను వెల్లకిల పరుండబెట్టండి. ఆ ప్రచారానికి ముందున్న స్థితితో పోలిస్తే ఆ దేశంలో ఈ మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. అమెరికాలో శిశువైద్యుల అకాడమీ 1992లో ఇదే సలహా ఇచ్చింది. 1994లో ప్రచారం మొదలైనది. 1992లో ప్రతి లక్ష సజీవ జననాలకు 120గా ఉన్న ఈ మరణాల సంఖ్య 2001 నాటికి 56కు దిగింది. క్రొత్త మందు లేదు, శస్త్రచికిత్స లేదు, ఖరీదైన పరికరం లేదు. బిడ్డను త్రిప్పి పరుండబెట్టారు, అంతే.

ఇక్కడ మన వంటివారు ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. రూత్ గిల్బర్ట్, ఆమె సహ పరిశోధకులు 2005లో పాత అధ్యయనాలన్నింటినీ ఒకచోట చేర్చి పరిశీలించారు. బోర్లా పడక హానికరమని 1970 నాటికే లభ్యమైన అంకెలను కూడి చూస్తే తెలిసిపోయేదని వారు నిర్ధారించారు. ఆ కూడిక అప్పుడే జరిగి ఉంటే బ్రిటన్‌లో 10,000 మందికి పైగా, ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాలన్నీ కలిపి కనీసం 50,000 మంది శిశువులు బ్రతికి ఉండేవారని వారి అంచనా. సమాచారం ఉన్నది, వేర్వేరు రిజిస్టర్లలో ఉన్నది. అన్నింటినీ ఒకే బల్లపై పరచి లెక్కించినవారు ఇరవై ఏళ్ల పాటు లేకపోయారు. తన విభాగపు లాగ్ పుస్తకాన్ని ప్రక్క విభాగపు పుస్తకంతో సరిపోల్చి చూడని సంస్థలన్నింటికీ ఇది హెచ్చరిక.

శరీర నిర్మాణం ఏమి చెబుతున్నది?

వెల్లకిల ఉన్న బిడ్డకు పాలు అడ్డం పడతాయన్న భయం ఇప్పటికీ మన ఇళ్లలో ఉన్నది. దీనిని పైపుల అమరికగా ఊహించుకుంటే సందేహం తీరుతుంది. బిడ్డ వెల్లకిల ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక దాని క్రింద ఉంటాయి. పొట్టలో నుంచి పైకి వచ్చిన పాలు శ్వాసనాళంలో పడాలంటే గురుత్వాకర్షణకు ఎదురెక్కవలసి ఉంటుంది. బోర్లా ఉన్నప్పుడు ఈ అమరిక తలక్రిందులవుతుంది. అన్నవాహిక పైన, శ్వాసనాళం క్రింద ఉంటాయి. కక్కిన పాలు శ్వాసనాళపు ముఖద్వారం వద్దకు సులభంగా జారుతాయి. పైగా ఆరోగ్యవంతమైన శిశువుకు మ్రింగే, దగ్గే సహజ రక్షణలు ఉంటాయి. కోట్లాది శిశువులను వెల్లకిలకు మార్చిన తరువాత కూడా పాలు అడ్డం పడి సంభవించే మరణాలు పెరగలేదు.

రెండవ అంశం గాలి. మెత్తని పరుపులో, దిండులో ముఖం కూరుకున్న బిడ్డ తాను విడిచిన గాలినే తిరిగి పీలుస్తుంది. ముక్కు చుట్టూ ఏర్పడిన ఆ చిన్న గుంటలో ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. అమెరికాలో పాలిస్టైరిన్ పూసలు నింపిన శిశువుల మెత్తలపై సంభవించిన మరణాలను కెంప్, థాచ్ అనే వైద్యులు పరిశోధించి, 1991లో ఈ సంగతిని వివరించారు. పూసలు ముఖం ఆకారానికి అనుగుణంగా సర్దుకొని మూతలా పనిచేస్తాయి.

మూడవ అంశం మేలుకొలుపు. ఊపిరికి అడ్డం కలిగినప్పుడు శిశువు నిద్రలో కదిలి, తల త్రిప్పి, ఏడ్చి తనను తాను కాపాడుకోవాలి. ఆ పని మెదడు కాండం ఆధీనంలో ఉంటుంది. ఈ మరణాలకు గురైన శిశువులలో చాలామందికి ఆ భాగంలో సెరటోనిన్ వ్యవస్థ లోపించినట్లు అమెరికాలో హానా కిన్నీ బృందం కనుగొన్నది. 1994లో ఫిలియానో, కిన్నీ ఒక నమూనా ప్రతిపాదించారు. బిడ్డలో పైకి కనిపించని బలహీనత, క్లిష్టమైన వయస్సు, బయటి ఒత్తిడి అనే మూడూ ఒకే సమయంలో కలిసినప్పుడు మరణం సంభవిస్తుందని దాని సారాంశం. మొదటి రెండూ మన చేతిలో లేవు. మూడవది పూర్తిగా మన చేతిలోనిదే.

మన ఇళ్లలో పరిస్థితి

2020 నాటి నమూనా నమోదు పథకం లెక్కల ప్రకారం మన దేశంలో ప్రతి 1,000 సజీవ జననాలకు 28 మంది శిశువులు ఏడాది నిండకుండానే మరణించారు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టుక సమయంలో ఊపిరాడకపోవడం, న్యుమోనియా, అంటువ్యాధులు ఇందులో ప్రధాన కారణాలు. ఇంటిలో నిద్రలో మరణించిన బిడ్డకు శవపరీక్ష జరిపించే అలవాటు మనకు బహు తక్కువ. అందువల్ల ఆకస్మిక శిశు మరణం అన్న మాట మన రిజిస్టర్లలో అరుదుగా కనిపిస్తుంది. రిజిస్టరులో కనిపించని ప్రమాదం జరగడం లేదని భద్రతాధికారి ఎవరూ అనుకోరాదు.

మన సంప్రదాయాలలో మేలు చేసేవి అనేకం ఉన్నాయి. బాలింత గదిలోనే బిడ్డ ఉంటుంది. తల్లిపాలు నెలల తరబడి పడతారు. మన ఆడవారిలో ధూమపానం తక్కువ. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ నగరంలో పాకిస్తాన్ మూలాలు గల కుటుంబాలను, తెల్లజాతి కుటుంబాలను పోల్చిన అధ్యయనం 2012లో వెలువడింది. ఆ దేశంలో దక్షిణాసియా శిశువులలో ఈ మరణాలు తక్కువ. ఆ కుటుంబాలలో బిడ్డను ఒంటరిగా వేరే గదిలో పరుండబెట్టడం, పొగత్రాగడం, మద్యం సేవించడం, సోఫాలో బిడ్డతో నిద్రించడం తక్కువని తేలింది. అయితే దిండు వాడటం, ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టడం, బొంత కప్పడం వంటి హానికరమైన అలవాట్లు ఆ ఇళ్లలోనే ఎక్కువగా కనిపించాయి. మన ఇళ్ల పరిస్థితీ ఇంచుమించు ఇదే. మంచి అలవాట్ల చాటున చెడ్డవి దాగి ఉంటాయి.

తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతాము. గింజలు సర్దుకొనే గుణం పైన చెప్పిన పూసల మెత్తకూ ఉన్నదని గమనించాలి. తలంటు పోసి, సాంబ్రాణి వేసి, గుడ్డలలో చుట్టి, తలకు కుళ్లాయి తొడిగి, గది తలుపులు మూస్తాము. శిశువు తన శరీరంలోని అధిక వేడిని ముఖ్యంగా తల ద్వారా విడుస్తుంది. వేడెక్కడం ముప్పును పెంచే అంశాలలో ఒకటి. చీర ఉయ్యాలలో బిడ్డ వంగి, గడ్డం రొమ్ముకు ఆనుతుంది. ఆ భంగిమలో సన్నని శ్వాసనాళం నొక్కుకుపోయే అవకాశం ఉన్నది. పడక వాలు 10 డిగ్రీలకు మించిన శిశు శయన సాధనాలను అమెరికా 2022లో చట్టం ద్వారా నిషేధించినది ఇటువంటి కారణంగానే.

పాటించవలసిన సూత్రాలు

1. ఏడాది నిండేవరకు, పగలైనా రాత్రయినా, ప్రతి నిద్రకూ బిడ్డను వెల్లకిలనే పరుండబెట్టాలి. ప్రక్కకు త్రిప్పిన భంగిమ స్థిరమైనది కాదు. సులభంగా బోర్లా దొర్లుతుంది.

2. పడక చదునుగా, గట్టిగా ఉండాలి. కుంగిన నులక మంచం, మెత్తని పరుపు, సోఫా పనికిరావు. ఉయ్యాలలో ఊపి నిద్రపుచ్చినా, నిద్రపట్టిన తరువాత చదునైన పడకపైకి మార్చడం మేలు.

3. పడకపై దిండు, బొంత, బొమ్మలు, వదులు గుడ్డలు ఉండరాదు.

4. తల్లి గదిలోనే, చేయి చాపితే అందేంత దూరంలో, బిడ్డకు వేరే పడక ఏర్పాటు చేయాలి. కనీసం ఆరు నెలలు ఇలా ఉండాలని అమెరికా శిశువైద్యుల సూచన. ఒకే పడక తప్పని ఇంటిలో పొగత్రాగేవారు, మద్యం సేవించినవారు, నిద్రమాత్ర వేసుకున్నవారు బిడ్డ ప్రక్కన పడుకోరాదు. నెలలు నిండని బిడ్డ, తక్కువ బరువు బిడ్డ విషయంలో వేరే పడక తప్పనిసరి.

5. ఇంటిలో ఎవరూ పొగ త్రాగరాదు. వరండాలో త్రాగి వచ్చి బిడ్డను ఎత్తుకోవడం కూడా తగదు.

6. తల్లిపాలు పట్టాలి, టీకాలు సకాలంలో వేయించాలి. మన దేశంలో 6, 10, 14 వారాలకు టీకాలు వేస్తారు. ఈ మరణాలు అధికంగా సంభవించే వయస్సూ ఇంచుమించు అదే కావడంతో కొందరు రెండింటికీ ముడిపెడతారు. టీకాలు ముప్పును పెంచవని అధ్యయనాలు నిర్ధారించాయి.

7. గుడ్డలో చుట్టినప్పుడు బిగుతు రొమ్ముపై ఉండరాదు, వెల్లకిలనే పరుండబెట్టాలి. దొర్లే ప్రయత్నం కనిపించిన నాటి నుంచి చుట్టడం మానాలి.

8. మేలుకొని ఉన్నప్పుడు, పెద్దలు ఎదురుగా కూర్చొని, రోజూ కొంతసేపు బిడ్డను బోర్లా ఆడించాలి. మెడ, భుజాలు బలపడతాయి. తల చదును కాకుండా ఉంటుంది.

9. మన ఇళ్లలో బిడ్డ బోర్లా పడిన నాడు బొబ్బట్లు వండి పంచుకుంటాము. ఆ తరువాత కూడా పరుండబెట్టేటప్పుడు వెల్లకిలనే ఉంచాలి. రెండువైపులా తనంతట తాను దొర్లగలిగిన బిడ్డ నిద్రలో తిరిగితే మరల మరల సరిచేయనవసరం లేదు.

శ్వాసను, గుండె చప్పుడును కొలిచి మోత మ్రోగించే పరికరాలు ఇప్పుడు బజారులో లభిస్తున్నాయి. ఇంజనీర్లకు ఇవి నచ్చే వస్తువులే. అయితే ఇంటిలో వాడే ఇటువంటి పరికరాలు ఈ మరణాలను తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు. అలారం ఉన్నదన్న ధీమాతో గార్డు తొలగించడం ఎంత తప్పో, పరికరం ఉన్నదని పడక నియమాలను సడలించడం అంత తప్పు.

నింద ఎవరిపై?

బిడ్డ నిద్రలో మరణిస్తే మన సమాజంలో వేలు తల్లివైపు చూపుతుంది. పాలిస్తూ నిద్రపోయిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు, బాలగ్రహమని మరొకరు అంటారు. పాశ్చాత్య దేశాలలోనూ ఏ తప్పూ చేయని తల్లులు అనుమానాలను ఎదుర్కొన్నారు. అన్ని నియమాలూ పాటించిన ఇంటిలో కూడా ఈ మరణం సంభవించవచ్చు. నియమాలు ముప్పును తగ్గిస్తాయి, పూర్తిగా తొలగించవు. అమెరికాలో నేటికీ ఏటా సుమారు 3,500 మంది శిశువులు నిద్రకు సంబంధించిన కారణాలతో మరణిస్తున్నారు. కనుక అటువంటి కుటుంబం మన కాలనీలో ఉంటే, ఆ తల్లిని ప్రశ్నలతో వేధించక, ఆమె చెంత కూర్చోవడమే మనం చేయగల సహాయం.

ఎవరికి చెప్పాలి?

మనలో చాలామంది తాతలైనారు, అవుతున్నారు. పురిటికి పుట్టింటికి వచ్చిన కుమార్తె బిడ్డ మన ఇంటిలోనే పెరుగుతున్నది. అమెరికాలో ఉన్న కోడలి పురుడుకు మన ఇంటి ఇల్లాళ్లు విమానమెక్కి వెళుతున్నారు. అక్కడి నర్సు దిండు వద్దు, దుప్పటి వద్దు, వెల్లకిల పడుకోబెట్టండి అన్నప్పుడు, మేము నలుగురిని పెంచలేదా అన్న మాట సహజంగానే వస్తుంది. వారి అనుభవాన్ని తక్కువ చేయకుండా, కారణం విడమరచి చెప్పడం మన విధి. హాంకాంగ్ అవ్వల ఉదాహరణ చెబితే వారు తప్పక ఆలకిస్తారు.

ఇందులో మరొక ముఖ్యమైన సంగతి ఇమిడి ఉన్నది. వెల్లకిల నిద్రకు అలవాటుపడిన బిడ్డను ఎవరైనా ఒక్కనాడు బోర్లా పరుండబెడితే, ఆ నాటి ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందని న్యూజిలాండ్ పరిశోధనలు తెలిపాయి. కాబట్టి తల్లి ఒక్కతెకు తెలిసి ఉంటే చాలదు. అమ్మమ్మకు, నాయనమ్మకు, ఆయాకు, శిశు సంరక్షణ కేంద్రంలోని సిబ్బందికి, మధ్యాహ్నం గంటసేపు బిడ్డను చూసే పొరుగింటి ఆమెకు కూడా తెలియాలి. షిఫ్టు మారినప్పుడు బాధ్యత అప్పగించే మాటలు ఎంత స్పష్టంగా ఉండాలో మనకు తెలుసు. బిడ్డను ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఇచ్చేటప్పుడు కూడా వెల్లకిలనే పడుకోబెట్టండి అన్న ఒక్క మాట తప్పక చెప్పాలి.